మాంసమా.. శాకమా? మాటలో నిజమెంత?

అనుకూలమైన లెక్కలకే ఇరుపక్షాల ప్రచారం
వదంతులతో కుదేలవుతున్న కోళ్ల రైతులు
వాదనల నడుమ నలుగుతున్న బడిపిల్లల పౌష్టికాహారం

తణుకు: ఒకరు గుడ్డే విషమంటారు.. మరొకరు పప్పులో పసేముందంటారు. ఆహారంపై సాగుతున్న చర్చల్లో అంకెలకు కొదవ లేదు. కొరవడుతున్నది నిజాయతీయే. ఎవరికి వారు తమ వాదనకు పనికొచ్చే సగం నిజాన్ని ముందుంచి, మిగిలిన సగాన్ని మరుగున పెడుతున్నారు. దాని ఫలితాన్ని కోళ్ల రైతులు, చిన్న వ్యాపారులు, చివరికి బడిపిల్లలు అనుభవించాల్సి వస్తోంది.

ఇందుకు గోదావరి జిల్లాలే సాక్ష్యం. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు పరిసరాల్లో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ కావడంతో ఉభయ తెలుగు రాష్ట్రాల్లో కోడిమాంసం అమ్మకాలు ఒక్కసారిగా పడిపోయాయి. వ్యాధి సోకని ప్రాంతాల రైతులూ నష్టాన్ని మోయక తప్పలేదు. మాంసం ముట్టడమే ముప్పని ఒక వర్గం ప్రచారం చేయగా, భయపడాల్సిందేమీ లేదని మరో వర్గం కొట్టిపారేసింది. వాస్తవం ఈ రెండింటికీ మధ్య ఉంది. 70 డిగ్రీల సెల్సియస్‌కు మించి లోపలి వరకు ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదు. అయితే అదే ఏడాది మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఓ చిన్నారి ఈ వైరస్‌తో మృతి చెందింది. ఉడికించిన మాంసంతో ప్రమాదం లేదన్నది ఎంత నిజమో, పచ్చిమాంసం విషయంలో జాగ్రత్త తప్పనిసరి అన్నదీ అంతే నిజం.

2020లో కరోనా తొలినాళ్లలోనూ ఇదే జరిగింది. కోడిమాంసంతో వైరస్ వస్తుందన్న వదంతికి ఆధారమే లేదు. అయినా ధరలు పతనమయ్యాయి. ప్రజల్లో భయం పోగొట్టేందుకు ఆ ఏడాది ఫిబ్రవరి నెలాఖరున హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులు వేదికపైనే కోడిమాంసం తిని చూపించాల్సి వచ్చింది.

'మాంసాహారి' అంటే ఎవరు?

భారతదేశం శాకాహార దేశమన్న మాట తరచూ వినిపిస్తుంటుంది. 2014 నమూనా నమోదు వ్యవస్థ సర్వే దీన్ని బలపరచడం లేదు. పదిహేనేళ్లు పైబడినవారిలో తెలంగాణలో 98.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 98.25 శాతం మాంసాహారులేనని ఆ సర్వే తేల్చింది.

ఈ అంకెను చూపి మాంసంతోనే ఆరోగ్యమనేవారూ ఉన్నారు. వారు చెప్పని లెక్క మరొకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మహిళలకు రక్తహీనత ఉంది. నూటికి తొంభై ఎనిమిది మంది మాంసం తినే చోట సగానికి పైగా మహిళలు రక్తం చాలక నీరసిస్తున్నారు. కారణం సుస్పష్టం. ఆదివారం అరకిలో కోడిమాంసం తెచ్చి ఐదుగురు పంచుకునే కుటుంబమూ సర్వేలో మాంసాహార కుటుంబమే. ఆ కూరలో ఇల్లాలి వంతుకు మిగిలేది ఎంతో చెప్పనక్కర్లేదు. పేరు కాదు, పరిమాణం ముఖ్యం. నులిపురుగులు, అధిక రుతుస్రావం వంటి కారణాలూ రక్తహీనతకు తోడవుతాయి.

తూకంలోనే తిరకాసు

వంద గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులున్నాయని, మాంసానికి అది ఏమాత్రం తీసిపోదని శాకాహార ప్రచారకులు చెబుతారు. అంకె సరైనదే. కానీ అది వండని పప్పు లెక్క. ఒక పూట భోజనంలో మనిషికి పడే పప్పు ముప్పై గ్రాములకు మించదు. దాని నుంచి అందేది ఆరేడు గ్రాములే. ఒక్క కోడిగుడ్డులోనూ దాదాపు అంతే ఉంటుంది.

పప్పులో ఉన్నది అసంపూర్ణ మాంసకృత్తులని ఎద్దేవా చేసేవారిదీ సగం నిజమే. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంది. పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో ఉంది. పప్పన్నం కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. బి12 విటమిన్ విషయం మాత్రం వేరు. మొక్కల ఆహారంలో అది నమ్మదగిన స్థాయిలో దొరకదు. పాలు, పెరుగు సైతం మానేసినవారు మాత్రలు గానీ, బి12 చేర్చిన ఆహారం గానీ తీసుకోవాల్సిందే. ఈ సంగతి చెప్పకుండా పాలూ మానేయమని బోధించడం ఆరోగ్యంతో చెలగాటమే.

భూతాపం లెక్కలు

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2006 నాటి నివేదికలో భూతాపానికి కారణమయ్యే వాయువుల్లో 18 శాతం పశుపోషణ నుంచే వస్తున్నాయని, రవాణా రంగం కంటే ఇది అధికమని పేర్కొంది. పశువుల విషయంలో మేత సాగు మొదలు అన్నీ కలిపి, వాహనాల విషయంలో ఇంధనం మండినంత మేరకే లెక్కించారని 2010లో విమర్శ వచ్చింది. పోలిక సమానంగా లేదని నివేదిక రూపకర్తల్లో ఒకరు అంగీకరించారు. 2013లో అదే సంస్థ ఆ వాటాను 14.5 శాతంగా ప్రకటించింది. పాత పోలికను నేటికీ వల్లించడం ఎంత తప్పో, పొరపాటు దొరికింది గనుక పశుపోషణతో హానే లేదనడమూ అంతే తప్పు.

డెల్టా రైతుకు మరో నిజం తెలియాలి. నీరు నిలిచిన వరిచేలూ మీథేన్‌ను వెలువరిస్తాయి. మరోవైపు 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దేశంలో తొలి రెండు స్థానాల్లో ఉన్నాయి. పంట పండని మెట్ట భూముల్లో మేసే మందను, అడవులు నరికి పెంచే విదేశీ పశువులను ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

హార్మోన్లు కాదు.. యాంటీబయాటిక్‌లు

బ్రాయిలర్ కోళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారన్న ప్రచారం ఊరూరా ఉంది. అవి త్వరగా పెరిగేది మేలుజాతి ఎంపిక వల్ల, మేత వల్ల. అసలు ఆందోళన యాంటీబయాటిక్‌ల విచ్చలవిడి వాడకంపై ఉండాలి. ప్రాణాపాయ స్థితిలోని రోగులకు చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్‌ను ఆహార జంతువులకు వాడరాదని కేంద్రం 2019లో నిషేధించిందంటే సమస్య తీవ్రత అర్థమవుతుంది. లేని హార్మోన్ల గొడవలో ఉన్న ముప్పు మరుగున పడుతోంది.

దాచిపెడుతున్నదేమిటి?

గుడ్ల కోళ్లను ఏ4 కాగితమంత చోటైనా దక్కని ఇనుప గూళ్లలో పెంచుతున్న సంగతి, హేచరీల్లో మగపిల్లలను పుట్టిన రోజే చంపేస్తున్న సంగతి పౌల్ట్రీ ప్రకటనల్లో కనిపించవు. పాలు అహింసాహారమని చెప్పేవారు మగ దూడ ఏమవుతోందో ప్రస్తావించరు. ట్రాక్టరు వచ్చాక దున్నతో పని తగ్గింది. పాడి రైతుకు దానిని మేపే స్తోమత లేదు. కబేళాకు దారి పాడి కొట్టం నుంచే మొదలవుతోంది.

పిల్లల పళ్లెంపైనే భారం

ఈ వాదనల అసలు పరీక్ష బడి భోజనం దగ్గరే. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీల్లో గుడ్డు ప్రతిపాదనను తోసిపుచ్చింది. 2021 డిసెంబరులో కర్ణాటక కొన్ని జిల్లాల బడుల్లో గుడ్డు ప్రవేశపెట్టగా, కొందరు మఠాధిపతులు వ్యతిరేకించారు. తినని పిల్లలకు అక్కడ అరటిపండు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మార్చిన మెనూలో వారానికి ఐదు గుడ్లు చేర్చారు.

గుడ్డు వద్దనేవారికి ఆ హక్కుంది. కార్తీకమాసంలో నీచు మానేసే ఇళ్లు ఈ జిల్లాలో కోకొల్లలు. అది ఆచారం, విశ్వాసం. దానిని అలాగే చెబితే కాదనేవారుండరు. విశ్వాసానికి శాస్త్రం ముసుగు తొడిగి, గుడ్డు తింటే రోగాలొస్తాయని పేద పిల్లల తల్లిదండ్రులను భయపెట్టడమే తప్పు. గుడ్డు కావాలనేవారూ తినని బిడ్డకు సమానమైన పోషణ ఏమిస్తారో చెప్పాలి. ఒక అరటిపండు గుడ్డులోని మాంసకృత్తులకు సాటిరాదు.

ఆహారంపై ఎవరు ఏ అంకె చెప్పినా పాఠకుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది పచ్చి సరుకు లెక్కా, వండినదా? ఏ దేశపు లెక్క? చెప్పేవారికి దాని వల్ల ఒరిగేదేమిటి? వీటికి జవాబు దొరికాక మాంసం తినాలో, మానాలో ఎవరి వివేచన వారిది. బడి పళ్లెం ముందు కూర్చున్న పిల్లలకు మాత్రం ఆ ఎంపిక లేదు. పెద్దల సగం నిజాలకు మూల్యం చెల్లిస్తున్నది వారే.