బిళ్ళ కట్టిందా? కంగారు వద్దు, నిర్లక్ష్యమూ వద్దు

ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల్లో రెండు మళ్ళీ మళ్ళీ కనబడుతుంటాయి. సైటులో కాలికి మేకు దిగింది, నాలుగు రోజులకు గజ్జల్లో బిళ్ళ కట్టింది, కాలి గాయానికీ గజ్జలకీ ఏమిటి సంబంధం అన్నది ఒకటి. రెండోది కాస్త గొంతు తగ్గించి అడిగేది. మెడ పక్కన గడ్డలాంటిది వచ్చి రెండు నెలలైంది, నొప్పి లేదు, వీసా రెన్యువల్ దగ్గర పడింది, ఇప్పుడు డాక్టరుకు చూపిస్తే ఏమవుతుందో అని. ఈ ఇద్దరి శరీరంలోనూ వాచింది ఒకే రకం అవయవం. దాన్ని లింఫ్ గ్రంథి అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో శోషరస గ్రంథి అని ఉంటుంది. ఊళ్ళో మనవాళ్ళు బిళ్ళ అన్నారు, మాకు ఆ మాటే బాగుంది.

రక్తనాళాల నుంచి కొంత నీరు నిత్యం కండరాల సందుల్లోకి ఊరుతుంది. అందులో చాలా భాగం మళ్ళీ రక్తంలోకే పోతుంది. మిగిలిపోయినది రోజుకు సుమారు 3 లీటర్లు. దీన్ని లాక్కుపోవడానికి వెంట్రుకంత సన్నని నాళాలతో ఇంకో కాలవల వ్యవస్థ ఉంది. అందులో పారేదే లింఫు. రక్తాన్ని తోయడానికి గుండె ఉన్నట్టు లింఫును తోయడానికి వేరే పంపు లేదు. నాళాల గోడలు ముడుచుకోవడం, పక్కనున్న కండరాలు కదలడం, ఇవే దాన్ని పైకి నెడతాయి. పన్నెండు గంటలు ఒకేచోట నిలబడే సెక్యూరిటీ ఉద్యోగుల పాదాలు సాయంత్రానికి బరువెక్కడానికి ఇదీ ఒక కారణమే.

ఈ కాలవల దారిలో అక్కడక్కడా చెక్‌పోస్టులు ఉంటాయి. అవే బిళ్ళలు. ఒంట్లో మొత్తం 600 దాకా ఉంటాయి. మామూలప్పుడు చిక్కుడు గింజంత, కొన్ని ఇంకా చిన్నవి. మెడ, చంకలు, గజ్జలు, కడుపు లోపల, ఊపిరితిత్తుల దగ్గర గుంపులుగా ఉంటాయి. పాదంలో గుచ్చుకున్న మేకుతో పాటు లోపలికి పోయిన సూక్ష్మక్రిములు, అక్కడి నుంచి పారే లింఫు ఎక్కి మొదట చేరే పెద్ద మజిలీ గజ్జలే. సంబంధం అదే.

బిళ్ళను అడ్డంగా కోసి చూస్తే లోపల గదులుగా ఉంటుంది. బయటి వరుసలో బి-కణాలు గుంపులు కట్టి ఉంటాయి. ఆ లోపల టి-కణాల పేట. మధ్యలో క్రిములను మింగేసే పెద్ద కణాలు కాపు కాస్తుంటాయి. గాయం దగ్గర గస్తీ తిరిగే ఒక రకం కణాలు క్రిమి ముక్కను పట్టుకుని లింఫులో ఈ బిళ్ళలోకి వస్తాయి. వచ్చి, తప్పిపోయిన మనిషి ఫోటో పట్టుకుని బస్టాండులో ఒక్కొక్కరినీ అడిగినట్టు, టి-కణాలకు ఆ ముక్కను చూపిస్తూ తిరుగుతాయి. ఆ క్రిమిని గుర్తుపట్టగల కణం లక్షల్లో ఒక్కటి ఉంటుందేమో. అది దొరికేదాకా వెతుకులాటే. దొరికాక ఆ ఒక్కటి రెండై, నాలుగై, వేలకు వేలు అవుతుంది. అంతమంది ఒకేచోట కూడితే గది ఉబ్బదా మరి? బిళ్ళ వాచేది అందుకే. ఈలోగా బి-కణాలు యాంటీబాడీల తయారీ మొదలుపెడతాయి. కొత్త క్రిమి అయితే ఈ సరంజామా అంతా సిద్ధం కావడానికి దాదాపు వారం పడుతుంది. అదే క్రిమి మళ్ళీ వస్తే పాత కణాలు గుర్తుపెట్టుకుని ఉంటాయి కనుక పని తొందరగా అవుతుంది. టీకాలు పనిచేసేది ఈ జ్ఞాపకం మీదే.

కాబట్టి బిళ్ళ కట్టినప్పుడు చూడాల్సింది బిళ్ళను కాదు, దానికి కింద ఉన్న చోటును. గజ్జల్లో అయితే కాలు, వేళ్ళ సందులు, మర్మావయవాలు. చంకలో అయితే చెయ్యి, రొమ్ము. మెడలో అయితే పళ్ళు, గొంతు, తల. పుండు మానితే బిళ్ళ దానంతటదే తగ్గుతుంది. దాన్ని పిసకడం, నూనె పెట్టి రుద్దడం, వాత పెట్టడం వంటివి చేయకండి. పని చేస్తున్నవాణ్ణి పట్టుకుని కొట్టినట్టవుతుంది. మేకు గుచ్చుకున్నవాళ్ళు బిళ్ళ సంగతి పక్కన పెట్టి ముందు ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి చూసుకోవాలి. ఇంకో మాట. చిన్నప్పుడు ఉత్త కాళ్ళతో పొలాల వెంట తిరిగిన మనలో చాలామందికి గజ్జల్లో చిన్న చిన్న బిళ్ళలు ఎప్పుడూ చేతికి తగులుతూనే ఉంటాయి. అవి జబ్బు కాదు. గవదబిళ్ళలు కూడా ఈ లెక్కలోకి రావు. పేరులో బిళ్ళ ఉన్నా అక్కడ వాచేది లాలాజల గ్రంథి.

ఈ సైనికులు పుట్టేది ఎక్కడ? ఎముకల మూలుగలో. మూలుగ బొక్క కోసం ఇంట్లో కొట్టుకున్నవాళ్ళకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. బి-కణాలు అక్కడే పుట్టి అక్కడే ముదురుతాయి. టి-కణాలు మాత్రం అక్కడ పుట్టి, రొమ్ము ఎముక వెనకాల గుండెకు పైన ఉండే థైమస్ అనే గ్రంథికి చదువుకు పోతాయి. ఆ బడిలో పరీక్ష కఠినం. సొంత శరీరం మీదే చెయ్యి చేసుకునే కణాన్నీ, అసలేమీ గుర్తుపట్టలేని కణాన్నీ అక్కడే చంపేస్తారు. నూటికి 95కు పైగా తప్పుతాయి. ఈ గ్రంథి ఎందుకూ పనికిరాదని చాలాకాలం అనుకున్నారు. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో దాన్ని తీసేసి చూస్తే, వాటికి రోగాలను ఎదుర్కొనే శక్తే లేకుండా పోయింది. ఆ పరీక్షను కూడా తప్పించుకుని బయటపడ్డ కణాలను అదుపులో పెట్టే మరో రకం టి-కణాల మీద చేసిన పనికే 2025లో సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్ అనే ముగ్గురికి వైద్యంలో నోబెల్ వచ్చింది.

టాన్సిల్స్, పేగుల గోడల్లోని గుంపులు, అపెండిక్స్ కూడా ఈ కుటుంబమే. ప్లీహం గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ఎడమ పక్క డొక్క కింద 150 గ్రాముల దాకా ఉండే అవయవం. బిళ్ళలు లింఫును జల్లెడ పడితే ఇది రక్తాన్ని జల్లెడ పడుతుంది. ముసలివైన ఎర్రకణాలను ఏరేస్తుంది. మలేరియా పదేపదే వస్తే పెరిగిపోతుంది. పెద్దవాళ్ళు కడుపులో బల్ల పెరిగిందనేది దీన్నే. ఎత్తు నుంచి పడినప్పుడు, బండి హ్యాండిల్ డొక్కలో గుచ్చుకున్నప్పుడు ఇది చిట్లి, ప్రాణం కాపాడటానికి తీసేయాల్సి రావచ్చు. తీసేసినా మనిషి పని చేసుకుంటూ బతకవచ్చు. కానీ న్యుమోకోకస్, మెనింగోకోకస్, హిబ్ టీకాలు వేయించుకోవాలి. జ్వరం వస్తే పారాసిటమాల్ మింగి పడుకోకుండా ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. ప్లీహం లేదని ఒక చీటీ పర్సులో ఉంచుకోండి. స్పృహ లేనప్పుడు మీ తరఫున అదే మాట్లాడుతుంది.

గోదావరి జిల్లాల వాళ్ళకు చలిజ్వరం వచ్చి గజ్జల్లో బిళ్ళ కట్టడం అంటే ఇంకో భయం. బోదకాలు. దోమ ద్వారా వచ్చిన ఫైలేరియా పురుగులు లింఫు నాళాల్లోనే కాపురం పెడతాయి. నాళాలు పాడై నీరు నిలిచి కాలు లావెక్కుతుంది. ఈ జబ్బుకు ఏటా ఇంటింటికీ పంచే మాత్రల్లో డి.ఇ.సి. ఒకటి. అది 1947లో అమెరికాలోని లెడర్లీ లేబరేటరీలో తయారైంది. అప్పుడు అక్కడ పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టి అమెరికా చేరిన మన యల్లాప్రగడ సుబ్బారావు. పొట్ట చేతబట్టుకుని పరాయి దేశం పోయినవాడి చేతుల మీదుగా వచ్చిన మాత్ర అది. మన ఊళ్ళలో ఇచ్చినవాళ్ళు అటు వెళ్ళగానే పెరట్లో పారేస్తుంటే మాకు మనసొప్పదు. కాలు ఇప్పటికే లావెక్కినవాళ్ళు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు ఆరబెట్టుకుంటే జ్వరాలు బాగా తగ్గుతాయి.

ఇక గొంతు తగ్గించి అడిగిన ప్రశ్న. రెండు మూడు వారాలైనా తగ్గని బిళ్ళ, గట్టిగా ఉండి నొప్పి లేని బిళ్ళ, మెడ ఎముకకు పైన వచ్చిన బిళ్ళ, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చూపించాల్సిందే. లింఫ్ గ్రంథుల కాన్సరు కావచ్చు. మనవాళ్ళలో మరీ ఎక్కువగా బయటపడేది క్షయ. పాతకాలంలో గండమాల అన్నది దీన్నే. ఊపిరితిత్తుల్లో ఏమీ లేకుండా మెడ బిళ్ళల్లోనే ఉంటే ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, మామూలుగా పక్క మంచం వాడికి అంటుకోదు కూడా. సన్న సూదితో కాస్త పదార్థం తీసి పరీక్షిస్తే చాలావరకు తేలిపోతుంది.

వీసా పోతుందన్న భయం ఉత్తదేనని మేము అనము. గల్ఫ్ మెడికల్‌లో క్షయ బయటపడితే ఏమవుతుందో ఏజెంట్లు మనకు బాగానే నేర్పి పంపారు. నిబంధనలు దేశానికొక తీరు, మారుతూ ఉంటాయి కూడా. కానీ దాచిపెట్టిన బిళ్ళ అలాగే ఉండదు. మెత్తబడి, పగిలి, చీము కారుతుంది. అప్పుడు కాలర్ ఎత్తుకున్నా దాగదు. రూములో ఎవరో వాడగా మిగిలిన యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే బిళ్ళ కొన్నాళ్ళు చల్లారినట్టు కనిపించి, అసలు జబ్బేమిటో డాక్టరుకు కూడా అంతుపట్టకుండా చేస్తుంది.

ఇంటికి పోవాల్సి వస్తే ఇక్కడ చేసిన పరీక్షల కాగితాలన్నీ వెంట తీసుకుపోండి. మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ మందులు ఉచితం. 2024 నవంబరు నుంచి తిండి ఖర్చుకని నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. మామూలు క్షయ అయితే బిళ్ళలకు 6 నెలల కోర్సు. రెండో నెలలోనో మూడో నెలలోనో, మందులు వాడుతుండగానే, బిళ్ళ పెద్దదవడం కొందరిలో జరుగుతుంది. మందు పనిచేయడం లేదని చాలామంది ఆపేసేది అక్కడే. అది చాలాసార్లు చచ్చిన క్రిముల మీద మన కణాలు చేసే గొడవ మాత్రమే. డాక్టరుకు చూపించండి, మాత్ర మాత్రం ఆపకండి.