వేషం అనటానికి సిగ్గెందుకు?

పోయినేడు ఒక సంకలనం కోసం ఇంగ్లీషు వ్యాసమొకటి తెలుగు చేశాను. విషయం పెర్ఫార్మెన్స్. ఆ మాట, దాని పిల్లామేకా అంతా కలిపి పేజీకి పదిసార్లన్నా వచ్చుంటాయి. ఎక్కడ కనపడితే అక్కడ 'ప్రదర్శన' అని పెట్టుకుంటూ పోయాను. పెర్ఫార్మర్ అంటే ప్రదర్శనకారుడు. పెర్ఫార్మెటివ్ అంటే ప్రదర్శనాత్మకం. చివరికి చదువుకుంటే తెలుగులాగే ఉంది. అంటే, తెలుగు అక్షరాల్లో ఉంది.

సంక్రాంతికి ముదినేపల్లి వెళ్ళినప్పుడు దాన్ని మా పెదనాన్నకి చదివి వినిపించాను. ఆయన ఇప్పుడు చేపల చెరువు మీద కాపలా ఉంటున్నాడు గానీ, పాతికేళ్ళపాటు హరిశ్చంద్ర నాటకంలో నక్షత్రకుడు వేశాడు. ఒక పేజీ ఓపిగ్గా విన్నాడు. విని, "అమ్మాయ్, ఇదేమన్నా బండలాగుడు గురించా?" అన్నాడు.

ఆయన వెక్కిరించలేదు. మా వైపు ప్రదర్శన అంటే ఎడ్ల బండలాగుడు ప్రదర్శన. పశుప్రదర్శన. పేపర్లో అయితే నిరసన ప్రదర్శన, కొవ్వొత్తుల ప్రదర్శన. ఎద్దుని ప్రదర్శిస్తారు, పువ్వుని ప్రదర్శిస్తారు, కోపాన్ని ప్రదర్శిస్తారు. మనుషులు మాత్రం నాటకం ఆడతారు. వేషం కడతారు. హరికథ చెప్తారు. తోలుబొమ్మల్ని ఆడిస్తారు. పద్యం ఎత్తుకుంటారు. వంత పాడతారు. ఇంగ్లీషు ఒక్క క్రియతో నెట్టుకొచ్చే చోట తెలుగులో ఇన్ని ఉన్నాయి. నేను వాటన్నిటినీ చెరిపేసి ఒక నామవాచకం పెట్టి, దానికి అనువాదం అని పేరు పెట్టాను.

సినిమా హాళ్ళకున్న బుద్ధి నాకు లేకపోయింది. వాళ్ళు ఇప్పటికీ పోస్టరు మీద 'రోజూ 4 ఆటలు' అనే వేస్తారు.

మాట లేక కాదు మరి నేను 'ప్రదర్శన' దగ్గరికి పరిగెత్తింది. ఆట, వేషం, నాటకం, భాగోతం అన్నీ నాకు తెలుసు. ఎందుకు వాడలేదని నన్ను నేను అడుగుతే వచ్చిన జవాబు ఇబ్బందిగా ఉంది. అవన్నీ తిట్లు కాబట్టి.

ఒక్కసారి లెక్కేసుకోండి. వేషాలేయకు. నాటకాలాడుతున్నావా? వాడి భాగోతం బయటపడింది. హరికథలు చెప్పకు. గంగిరెద్దులా తలాడించకు. పిట్టలదొర కోతలు కొయ్యకు. వాడు తానా అంటే వీడు తందానా. ఊరికే వంత పాడకు. ఆఖరికి మా పెదనాన్న వేసిన నక్షత్రకుడు కూడా తిట్టే, బాకీ కోసం వెంటపడే ప్రతివాడూ నక్షత్రకుడే. దొమ్మరి అనేది ఒక కులం పేరు. ఆ పేరునే తిట్టు చేసుకున్నాం. ఆటే జీవనాధారంగా ఊరూరా తిరిగిన మనుషులు మనకిచ్చిన మాటల్లో తిట్టు కాకుండా మిగిలినవి ఎన్నో చెప్పండి చూద్దాం.

ఇది మన ఒక్కరి జబ్బు కాదనేది నిజమే. ఇంగ్లీషులో హిపోక్రైట్ అనే తిట్టు గ్రీకులో నటుడికి పేరు. యాక్టింగ్ అన్నా, డ్రామా అన్నా ఇంగ్లీషులోనూ ఎత్తిపొడుపుగా పనికొస్తాయి. కానీ ఆ తిట్టుకి భయపడి ఇంగ్లీషువాళ్ళు యాక్టర్ అనే మాట మానుకోలేదు. ప్లే అంటే పిల్లలాట కూడా కదా అని షేక్‌స్పియర్ నాటకాలకి వేరే పేరు వెతకలేదు. మనం వెతికాం. వేషాన్ని పాత్ర చేశాం, ఆటని ప్రదర్శన చేశాం, భాగోతాన్ని నృత్యనాటకం చేశాం. మాట మారినచోటల్లా ఆ మాటతో బతికిన మనిషి ఒకడుగు వెనక్కి వెళ్ళాడు.

ఇదంతా ఖచ్చితత్వం కోసం అంటారు పెద్దలు. పారిభాషిక పదం అంటే ఒకే అర్థం ఉండాలి, వాడుకమాటకి పది అర్థాలుంటాయి అని. సరే, ఖచ్చితత్వమే చూద్దాం.

మా ఊళ్ళో నవమి పందిట్లో రాయబారం ఆడేవాళ్ళు. తెల్లారేదాకా సాగే నాటకం. కాంట్రాక్టరు ఒక్క కృష్ణుణ్ణి తెస్తే జనం ఒప్పుకోరు. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారం సీనుకి ఇంకొక కృష్ణుడు. కరపత్రంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పేర్లు వేసేవాళ్ళు. ఇక్కడ పాత్ర ఒకటే. వేషాలు రెండు. ఈ తేడా పందిట్లో గోనెపట్టా పరుచుకుని కూచున్న ప్రతివాళ్ళకీ తెలుసు. అదే నా అనువాదంలో అయితే క్యారెక్టర్‌కీ పాత్రే, రోల్‌కీ పాత్రే, పార్ట్‌కీ పాత్రే. ఏది ఖచ్చితం?

ఇంకొకటి. నేపథ్యం అనే మాట ఉంది. తెర వెనక వేషాలు కట్టుకునే చోటు అది. నిఖార్సయిన రంగస్థల పదం. పేపర్లవాళ్ళు దాన్ని ఎత్తుకెళ్ళారు. 'ఎన్నికల నేపథ్యంలో', 'వరదల నేపథ్యంలో'. ఇవాళ నేపథ్యం అంటే ఏ పాఠకుడికీ రంగు పూసుకునే నటుడు కనపడడు. నాటకాలవాళ్ళు ఏ గొడవా లేకుండా మేకప్ రూం అనో, తెర వెనక అనో అనుకుని పని కానిచ్చుకుంటున్నారు. గంభీరమైన మాట పెడితే అర్థం భద్రంగా ఉంటుందనేవాళ్ళు దీనికేమంటారు?

అన్నిటికంటే పెద్ద దెబ్బ క్లాసికల్‌ని 'శాస్త్రీయం' చెయ్యటం. ఇంగ్లీషు మాటలో శాస్త్రం లేదు. మనమే చేర్చాం. పైగా సైంటిఫిక్‌కి కూడా అదే మాట. శాస్త్రీయ దృక్పథం అన్నా శాస్త్రీయ నృత్యం అన్నా ఒకే ముద్ర. దాంతో అవతల జానపదం అన్నదానికి శాస్త్రం లేదని ఆటోమేటిగ్గా తేలిపోయింది. చిందు భాగోతులకి శాస్త్రం లేదా? బుర్రకథకి లేదా? తంబురా పట్టిన కథకుడు ఎక్కడ ఆగాలో, పక్కనున్న వంతల్లో హాస్యం ఎవరు అందుకోవాలో, రాజకీయం ఎవరు మాట్లాడాలో లెక్క లేకుండానే నడుస్తోందా? కూచిపూడివాళ్ళని కూడా ఒకప్పుడు జనం భాగవతులనే అన్నారు, వాళ్ళ జట్టుని మేళం అన్నారు. శాస్త్రీయం అనే బిళ్ళ తగిలాక ఆ మాటలు కరపత్రాల్లోంచి ఎలా జారిపోయాయో గమనించండి. అనువాదం ఒక్కోసారి కులధ్రువీకరణ పత్రం కూడా.

ఇప్పుడు నేను చేసిన అసలు తప్పు చెప్తాను. పెర్ఫార్మెటివ్ అనే మాటని 1955లో హార్వర్డులో ఇచ్చిన ఉపన్యాసాల్లో జె.ఎల్. ఆస్టిన్ ఒక ప్రత్యేకమైన అర్థంలో వాడాడు. 1962లో అది పుస్తకమయింది. ఆయన చెప్పింది చూపించటం గురించి కాదు, చెయ్యటం గురించి. 'పందెం కాస్తున్నా' అనగానే పందెం పడిపోతుంది. 'ఈ సభను ప్రారంభిస్తున్నాను' అనగానే సభ మొదలవుతుంది. అనటమే చెయ్యటం. పైగా అదే మాట నటుడు స్టేజీ మీద అంటే చెల్లదని కూడా ఆస్టినే అన్నాడు. అలాంటిదానికి నేను 'ప్రదర్శనాత్మకం' అని పెట్టాను. కోడిపందేల ఊళ్ళో పుట్టి, నోటిమాట మీద డబ్బు చేతులు మారటం చిన్నప్పట్నుంచీ చూసి, ఆ పని చేశాను. 'మాటే చేత' అని రాసి ఉంటే మా పెదనాన్నకి కూడా అర్థమయ్యేది.

ఇదంతా ఎందుకు, పెర్ఫార్మెన్స్ అనే రాసెయ్యొచ్చుగా అంటారు నా తోటి వయసువాళ్ళు. నాకు ఇంగ్లీషు మాటల మీద కోపం లేదు. నాటకరంగానికి అసలే లేదు. స్టేజీ, సీను, కర్టెన్, మేకప్ అన్నిటినీ వాళ్ళు సొంతం చేసుకున్నారు. పద్యం బాగా పాడితే పందిరి పందిరంతా అరిచేది వన్స్‌మోర్ అనే. అది ఇప్పుడు తెలుగు మాట, కావాలంటే దాన్నే మళ్ళీ ఇంగ్లీషులోకి అనువదించుకోవాలి. కానీ వన్స్‌మోర్ జనం నోట్లో నలిగి వచ్చింది. పెర్ఫార్మెన్స్ సెమినార్ హాల్లోంచి వచ్చింది, ఇంకా అక్కణ్ణుంచి బయటికి రాలేదు. మన మాటల్లో ఏది సరిపోతుందో వెతికి, దొరక్క దాన్ని తెచ్చుకుంటే అప్పు. వెతక్కుండానే తెచ్చుకుంటే బద్ధకం.

ఒక అభ్యంతరం మాత్రం గట్టిది. వేషం అంటే తీసేస్తే పోయేది, లోపల వేరే మనిషి ఉంటాడు. 1990లో జెండర్ ట్రబుల్ రాసిన జూడిత్ బట్లర్ చెప్పేది అది కాదు. ఆడతనం, మగతనం పొద్దున్నే లేచి ఎంచుకుని తొడుక్కునేవి కావని ఆవిడే తర్వాత విడమరిచి చెప్పింది. కాబట్టి బట్లర్‌కి వేషం సరిపోదు. ఒప్పుకుంటాను. కానీ ప్రదర్శన ఏ రకంగా సరిపోయింది? స్థానం నరసింహారావు సత్యభామ వేశాడు. గుడివాడ పక్క పల్లెలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు స్టేజీ మీద ఆడవేషాలతోనే మొదలుపెట్టాడు. వాళ్ళది కట్టిన వేషం. 'ఆడపిల్లవి, అలా నడవకు, అలా నవ్వకు' అని ఇంట్లో రోజూ అంటుంటే నా ఒంటికి పట్టింది వేషం కాదు, నడత. ఈ రెంటికీ తెలుగులో రెండు మాటలున్నాయి. బట్లర్‌ని చెప్పటానికి ఈ తేడాయే కావాలి. నా 'ప్రదర్శన' ఆ రెంటినీ ఒకే గంపలో పోసింది.

అందుకని వ్యాసం మళ్ళీ రాశాను. ప్రదర్శన తీసేసి ఒక్కోచోట ఒక్కో మాట పెట్టాను. ఆట, వేషం, నడత, కట్టటం, ఎత్తుకోవటం. సంపాదకులకి పంపితే, కొత్తది బాగానే ఉంది గానీ భాష మరీ నాటుగా ఉందన్నారు. తప్పని అనలేదు, నాటు అన్నారు. చివరికి పాత ప్రతే అచ్చయింది. అనువాదకురాలిగా కింద నా పేరుంది. ఆ పుస్తకం పట్టుకుని పెదనాన్న దగ్గరికి వెళ్ళటానికి నాకు మొహం చెల్లటం లేదు.

బుర్రకథ నాజర్ తన ఆత్మకథకి పెట్టుకున్న పేరు 'పింజారి'. ఊరు తిట్టుగా వాడిన తన కులం పేరునే తీసుకుని అట్ట మీద వేసుకున్నాడు. 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషికి గౌరవమైన మాట దొరక్క కాదు. పారిపోతే ఆ మాట ఎప్పటికీ తిట్టుగానే ఉండిపోతుందని ఆ అట్ట నాకు చెప్తోంది. అనువాదకులం మనం చెయ్యాల్సిందీ అంతే. వేషం అనే మాటని బరువైన వాక్యాల్లో, సిద్ధాంతాల మధ్య, పదే పదే వాడాలి. ఆ తర్వాత కూడా జనం వేషాలేయకు అంటే అననివ్వండి. కనీసం మనం ఆ తిట్టుకి వంత పాడకుండా ఉంటాం.