ధర వారిదే, పూచీ కూడా వారే తేల్చుకుంటే ఎలా?

కొత్తవలసలో ఒక తల్లి, దూరాన చదువుకునే కొడుక్కి భీమాళి మామిడి తాండ్ర పార్శిల్ చేసినప్పుడు పోస్టాఫీసు కౌంటర్లో ఆమెకు తెలిసేది ధర ఒక్కటే. దారిలో అది పోతే చేతికి ఎంతొస్తుందో ఎవరూ చెప్పరు. 2025 సెప్టెంబర్ 1న రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అక్టోబర్ 1 నుంచి ఊరు దాటి వెళ్లే 50 గ్రాముల లోపు కవరుకు, పన్ను కాక, 47 రూపాయలు. అంతకుముందు 35. ఖర్చులు పెరిగాయంటే ఒప్పుకుందాం. మరి పూచీ పెరిగిందా? స్పీడ్ పోస్టులో వస్తువు పోతే కట్టిన రుసుముకు రెట్టింపు లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అదే పరిహారమన్నది ఏళ్ల నాటి నియమం. 1898 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టం కూడా, నిబంధనల్లో రాసుకున్న మేరకు తప్ప తపాలా శాఖకు బాధ్యత లేదనే అంటోంది. ఫోన్ కంపెనీలపై ట్రాయ్ ఉంది, బీమా కంపెనీలపై ఐఆర్‌డీఏఐ ఉంది. తపాలా ధరలను బయటి నుంచి తూచేవారే లేరు. బ్రిటన్‌లో ఆ పని ఆఫ్‌కామ్ చేస్తోంది, అమెరికాలో దానికి ప్రత్యేక కమిషనే ఉంది. మనకూ అలాంటి స్వతంత్ర సమీక్ష కావాలి. పార్శిల్ ధరలోనే కొంత బీమా కలపాలి, మిగతాది ఎంతకు దొరుకుతుందో కౌంటర్ దగ్గర తెలుగులో రాసి పెట్టాలి. పల్లెకు చేరే ప్రభుత్వ పార్శిల్ సేవ ఇది. దాన్ని నమ్ముకున్నవారికి ఈ మాత్రం భరోసా హక్కుగా దక్కాలి.