సలహా చెప్పేవారి అర్హత అడుగుదాము



పిల్లవాడు చదువు మానేసి గదిలో తలుపు వేసుకుంటాడు. కొత్త కోడలు నిద్రలేక ఏడుస్తుంది. అప్పులపాలైన రైతు మాట తగ్గిస్తాడు. ఇటువంటి వేళ మన కుటుంబాలు ముందుగా వచ్చేది సంఘకాపరి యొద్దకే. మేము వింటాము, ప్రార్థిస్తాము. అయితే మనసుకు వచ్చిన జబ్బును గుర్తుపట్టి చికిత్స చేయడం వేరే పని. దానికి చదువు, శిక్షణ, ప్రభుత్వ నమోదు కావాలి.

ఈ నమోదు సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలియదు. 1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టం చేసింది. క్లినికల్ సైకాలజిస్టులు ఆ మండలి రిజిస్టరులో పేరు ఎక్కించుకోవాలి. నమోదు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కాని "కౌన్సెలరు" అని బోర్డు పెట్టుకోవడానికి చాలాకాలం ఇటువంటి నియమము లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టము సైకాలజిస్టులను, పలురకాల కౌన్సెలర్లను తన పట్టికలో చేర్చింది. రాష్ట్రాలు కౌన్సిళ్లు ఏర్పరచి వారి పేర్లు నమోదు చేయాలని చెప్పింది.

ఇదంతా కాగితాల గొడవ అనుకోవద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కోసం తెచ్చి గొలుసులతో కట్టివుంచిన మానసిక రోగులు 28 మంది పాకకు నిప్పంటుకొని చనిపోయారు. లేచి పరుగెత్తే వీలు వారికి లేకపోయింది. మానసిక రోగిని ఏ విధముగానూ గొలుసులతో బంధించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము శాసించింది. ప్రార్థన పేరిట కట్టివేసినా అది నేరమే.

గనుక కౌన్సెలింగుకు వెళ్లేటప్పుడు మూడు సంగతులు అడగండి: ఏమి చదివారు? ఎక్కడ నమోదయ్యారు? నంబరు ఎంత? అడగడం అవమానపరచడం కాదు. మందులు అవసరమైతే సైకియాట్రిస్టు డాక్టరును చూడాలి. దారి తెలియకపోతే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలి మానస్ సేవ ఉచితము, తెలుగులోనూ మాట్లాడతారు.

పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే గదా! ప్రార్థన మానవద్దు, డాక్టరు చెప్పకుండా మందూ మానవద్దు. ఆస్పత్రికి ఒంటరిగా వెళ్లడానికి జంకితే మమ్మును పిలవండి, తోడు వస్తాము.