మూడు నెలల ఉద్యోగం... దాచాలా, చెప్పాలా?

అమీర్‌పేట హాస్టల్‌లో కూర్చుని రెజ్యూమె సరిచేస్తున్నారా? మాదాపూర్ స్టార్టప్‌లో చేసిన మూడు నెలల ఉద్యోగం దగ్గరికి రాగానే వేలు డిలీట్ మీద ఆగుతుంది. ప్రాజెక్టు ఆగింది, మిమ్మల్ని తీసేశారు. ‘అది తీసెయ్, రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టుకో, లెటర్ నేనిప్పిస్తా’ అని రూమ్మేట్ సలహా ఎలాగూ ఉంటుంది. రెండూ చేయకండి అంటాను.

వాట్ మిసాకా పేరు విన్నారా? జపాన్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన దంపతుల కొడుకు. బాస్కెట్‌బాల్ ఆటగాడే కానీ ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలే. యూటా విశ్వవిద్యాలయం జట్టుతో 1944లో జాతీయ కాలేజీ టైటిల్ గెలిచాడు. సైన్యంలో పనిచేసి తిరిగొచ్చి, 1947లో మరో పెద్ద టోర్నీ గెలిచాడు. అదే ఏడాది న్యూయార్క్ నిక్స్ తీసుకుంది. తర్వాత ఎన్‌బీఏగా మారిన ఆ లీగ్‌లో ఆడిన తొలి శ్వేతజాతేతరుడు అతనే. ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు? మూడంటే మూడు. మొత్తం 7 పాయింట్లు. ఆ తర్వాత తీసేశారు. హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ జట్టు రమ్మన్నా వెళ్లలేదు. ఇంటికెళ్లి, మధ్యలో ఆగిన ఇంజినీరింగ్ డిగ్రీ పూర్తిచేసి ఇంజినీర్‌గా బతికాడు. 2019లో 95 ఏళ్ల వయసులో పోయినప్పుడు పత్రికలు గుర్తుచేసుకున్నది మాత్రం ఆ మూడు మ్యాచ్‌లనే!

అంత దూరం ఎందుకు? 2015లో మొదలైన యూబీఏ ప్రో బాస్కెట్‌బాల్ లీగ్‌లో ‘హైదరాబాద్ స్కై’ అని మన ఊరి పేరుతోనే జట్టు ఉండేది. 2017లో నాలుగో సీజన్‌తో లీగ్ ఆగిపోయింది. అందులో ఆడినవాళ్లు ప్రొఫెషనల్ ఆటగాళ్లు కాకుండా పోతారా? లీగ్ ఆగితే తప్పు ఆటగాడిది కాదు. స్టార్టప్ ఆగితే మీదీ కాదు.

పైగా దాచినా దాగదు. పీఎఫ్ కట్ అయ్యి ఉంటే మీ యూఏఎన్‌లో చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ కనిపిస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అవే చూస్తారు. దొంగ లెటర్ పెట్టి చేరిన ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో తెలీదు. జాయినైన ఆర్నెల్లకు కూడా పిలిచి అడగొచ్చు.

నిజం చెబితే కొన్ని ఇంటర్వ్యూలు మొదటి రౌండ్‌లోనే పోతాయి, కాదనను. ‘మూడు నెలలేనా?’ అని కనుబొమ్మలెత్తే హెచ్‌ఆర్‌లు ఉన్నారు. వాళ్ల ముందు కథలొద్దు, పాత కంపెనీని తిట్టడమూ వద్దు. ‘ప్రాజెక్టు ఆగింది, ఆలోగా లాగిన్ పేజీ టెస్టింగ్ నేనే చూశాను, ఈ బగ్‌లు పట్టాను’ అనండి. మీరు నిజంగా చేసిన పని రెండు లైన్లలో చెప్పగలిగితే మూడు నెలలు తక్కువేం కాదు.

ఈలోగా ఓ పని. రిలీవింగ్ లెటర్, పే స్లిప్పులు మీ దగ్గరున్నాయా? లేకపోతే ఇవాళే మెయిల్ పెట్టండి. ఆ స్టార్టప్ పూర్తిగా మూతపడ్డాక అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు.