సెలైన్ గొట్టంలో రక్తం కనిపిస్తే సిస్టర్‌ను పిలుద్దాం

ఎండాకాలం వచ్చిందంటే గల్ఫ్‌లో మనవాళ్లకు సెలైన్ బాటిళ్లు తప్పడం లేదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా యూఏఈలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు, సౌదీలో పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదు. అయినా పొద్దున పదకొండుకే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లున్నారు. సైట్ నుంచి క్లినిక్కు, క్లినిక్‌లో చేతికి సూది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. గొట్టంలోకి ఎర్రగా రక్తం ఎగబాకితే ఏం చేయాలన్నదే మనలో చాలామందికి తెలియదు. కొందరు భయపడి సూది పీకేస్తారు. ఇంకొందరు 'మనకెందుకొచ్చింది, ఏమంటే ఏమంటారో' అని కళ్లు మూసుకుని పడుకుంటారు. మా దృష్టిలో రెండోదే ఎక్కువ నష్టం.

రక్తం వెనక్కి ఎందుకొస్తుంది? ఊళ్లో వాటర్ ట్యాంకు లెక్కే. ట్యాంకు ఎత్తున ఉండి, అందులో నీళ్లున్నంతసేపే నల్లాలో ధార. బాటిల్ గుండెకన్నా ఒక మీటరు ఎత్తున వేలాడితే సెలైన్ తోపుడు చేతి నరంలోని ఒత్తిడికన్నా చాలా ఎక్కువ. బాటిల్ ఖాళీ అయినా, కిందికి దిగినా, చేయి మంచం పక్కకు వేలాడేసినా లెక్క తిరగబడుతుంది. బాత్రూంకు పోయేటప్పుడు బాటిల్ చంకలో పెట్టుకుని నడిచేవాళ్లను చూస్తూనే ఉన్నాం. స్టాండుతో సహా పోవాలి, లేదా పక్కవాడు బాటిల్ పైకెత్తి పట్టుకోవాలి. సెలైన్ ఎక్కుతున్న చేతికే బీపీ పట్టీ కట్టినా రక్తం వెనక్కి వస్తుంది. "సిస్టర్, ఆ చెయ్యికి కట్టండి" అని రెండో చేయి చూపించడానికి మొహమాటమెందుకు?

బాటిల్ అయిపోతే గాలి లోపలికి పోయి మనిషి చచ్చిపోతాడన్న భయం మన క్యాంపుల్లో గట్టిగా ఉంది. చేతికి పెట్టి, స్టాండుకు వేలాడదీసిన మామూలు సెలైన్‌లో బాటిల్ ఖాళీ అయితే నీటిమట్టం సాధారణంగా గొట్టంలోనే ఎక్కడో ఆగిపోతుంది. అసలు ఇబ్బంది వేరే. వెనక్కి వచ్చిన రక్తం అక్కడే నిలిస్తే గడ్డకట్టి సూది మూసుకుపోతుంది. అప్పుడు ఇంకోచోట గుచ్చాలి. నీళ్లు తాగక నరాలు కుంచించుకుపోయిన మనిషికి రెండో నరం దొరకడం ఎంత కష్టమో పడినవాడికే తెలుసు.

కాబట్టి రక్తం కనిపించగానే చేయి చాపి కదలకుండా పెట్టుకుని సిస్టర్‌ను పిలవాలి. ఆమె బాటిల్ సరిచేస్తుంది, గొట్టం మడత పడిందేమో చూస్తుంది, అవసరమైతే సిరంజితో సెలైన్ కొద్దికొద్దిగా ఆపి ఆపి తోసి, చివర్లో తోస్తూనే క్లిప్పు బిగిస్తుంది. అలా బిగిస్తే రక్తం తిరిగి రాదు. మూసుకుపోయిన సూదిని బలవంతంగా తోయకూడదు. ఆ పని మనం అసలే చేయకూడదు. గొట్టం మీది చిన్న చక్రాన్ని తిప్పి 'తొందరగా ఎక్కించుకుందాం' అనుకునే వీరులకూ ఇదే మాట.

క్యాంపు గదుల్లో ఎవరో తెలిసినతను సెలైన్ పెట్టడం ఇంకో ముచ్చట. బాటిల్‌ను బంకు బెడ్డు చువ్వకు కడతారు. పై బెడ్డు మీద పడుకున్నవాడికి ఆ చువ్వ ఛాతీ దగ్గరే ఉంటుంది, రక్తం రాక ఏమవుతుంది? చేయి వాచినా, జ్వరం పట్టినా చూసే దిక్కుండదు. డ్యూటీ పోతుందని, ఆబ్సెంట్ పడుతుందని ఇలా చేస్తున్నారని మాకు తెలుసు. అయినా దీన్ని సమర్థించలేం. నోటితో తాగగలిగే స్థితి ఉంటే, డాక్టరు వద్దనకపోతే, ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలుపుకుని తాగడమే మేలు.

భాష రాదని ఆగొద్దు. చాలా క్లినిక్కుల్లో మలయాళీ సిస్టర్లుంటారు. "సిస్టర్, ఖూన్ ఆ రహా హై" అంటే చాలు. "చోర వరున్ను" అంటే నవ్వుతూ పరుగెత్తుకొస్తారు. కూలీలు ఎక్కువగా వచ్చే క్లినిక్కులు మంచం పక్కన తెలుగులో, హిందీలో, బెంగాలీలో నాలుగు ముక్కలు రాసి అంటిస్తే వాళ్ల సొమ్మేం పోదు. కంపెనీ క్యాంపు బాసులు ఈ మాట అడగాలి.

సూది చేతికే ఉంచుకుని కంపెనీ బస్సెక్కొద్దు. మళ్లీ రమ్మన్నారా, తీసేస్తారా అని అడిగి, తీయించుకున్నాక దూది పెట్టి కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోండి. మోచేయి మడిచి కూర్చుంటే సరిపోదు, నల్లగా కమిలిపోతుంది.