చిటికెడు ఫ్యాను దొరకక మూలపడుతున్న సర్వర్లు

"సర్వర్ డౌన్" అనే మాట తెలియని పల్లె ఈనాడు లేదు. ఇంగ్లీషు అక్షరం రాని ముసలమ్మ సైతం రేషను దుకాణం నుంచి ఉత్త సంచితో తిరిగివస్తూ "సర్వరు లేదంట" అని చెప్పి పోతున్నది. రిజిస్ట్రేషను కార్యాలయంలో, బ్యాంకులో, మీసేవ కేంద్రంలో, ఆస్పత్రి చీటీల కిటికీ దగ్గర అదే మాట. చాలాసార్లు ఆ తప్పు లైనుది, కాకుంటే ఒక్కసారిగా వచ్చిపడిన రద్దీది. ఆ పెద్ద సర్వర్లు నగరాల్లో, చల్లని గదుల్లో, కాపలా మధ్య ఉంటాయి. వాటి సంగతి వేరు.

జిల్లాల్లో మరో రకం సర్వర్లు ఉన్నాయి. కళాశాలల్లో, ఆస్పత్రుల్లో, సహకార సంఘాల్లో, ముద్రణాలయాల్లో మూలగదిలో బల్లకింద ఏళ్ల తరబడి పనిచేసేవి అవి. విద్యార్థుల మార్కులు, రోగుల చీటీలు, సభ్యుల అప్పుల లెక్కలు వాటి కడుపులో ఉంటాయి. ఇవి మూలపడటానికి గల కారణాల్లో ఒకటి వింతైనది. లక్షలు పోసి కొన్న యంత్రం అన్నివిధాలా బాగానే ఉంటుంది. అరచేతిలో పట్టే చిన్న ఫ్యాను ఒకటి ఆగిపోతుంది. దానికి బదులు ఫ్యాను దొరకదు. అంతటితో యంత్రమంతా పాతసామాన్ల కొట్టుకు పోతుంది. చెప్పు తెగిందని కాలు తీసేసినట్లున్న ఈ పద్ధతి మారవలసి ఉంది.

ఫ్యాను లేకపోతే ఏమవుతుంది?

సర్వరు అంటే మరేమీ కాదు, రాత్రింబవళ్లు ఆగకుండా పదిమందికి ఒకేసారి పనిచేసిపెట్టే కంప్యూటరు. అది తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటకు నెట్టడానికి లోపల వరుసగా నాలుగో, ఆరో చిన్న ఫ్యాన్లు ఉంటాయి. అడుగు ఎత్తులో ఏడోవంతు మాత్రమే ఉండే పలుచని సర్వర్లలో 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, అంతకు రెట్టింపు ఎత్తున్న వాటిలో 60 లేక 80 మిల్లీమీటర్ల ఫ్యాన్లు వాడతారు. ఇంటి కప్పుకు వేలాడే ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరుగుతుంది. ఈ 40 మిల్లీమీటర్ల బుల్లి ఫ్యాన్లలో కొన్ని నిమిషానికి 15,000 చుట్లు దాటి తిరుగుతాయి. సర్వరు గదిలో జోరీగల రొద వినిపించేది అందుకే.

ఏ యంత్రానికైనా ఆయువు ఉన్నది. ఇటువంటి ఫ్యాన్లకు తయారీదారులు చెప్పే ఆయువు సాధారణంగా 40,000 నుంచి 70,000 గంటల వరకు. సంవత్సరానికి 8,760 గంటలు. అంటే 50,000 గంటల ఫ్యానుకు అయిదేళ్ల ఎనిమిది నెలలు. ఈ లెక్క కూడా శుభ్రమైన గదికే. లోపలికి పీల్చుకునే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిదని ఆ రంగపు ఇంజనీర్ల సలహా. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. దానికి తోడు ఎర్రమట్టి దుమ్ము, పత్తి నూగు, కరెంటు పోయి రావడం. బేరింగులోని గ్రీజు ఎండిపోతుంది. ఫ్యాను ముందు కీచుమంటుంది, తర్వాత తడబడుతుంది, ఒకనాడు ఆగిపోతుంది.

ఒక ఫ్యాను ఆగగానే మిగిలినవి ఆ భారం మోయడానికి మరింత వేగంగా తిరుగుతాయి. ఫ్యాను వేగం అయిదోవంతు పెరిగితే అది తినే కరెంటు సుమారు ముప్పాతిక వంతు పెరుగుతుంది. కాడిలో ఒక ఎద్దు పడుకుంటే రెండోదాని మెడ విరిగినట్లు, మిగతా ఫ్యాన్లు కూడా త్వరగా అరిగిపోతాయి. వేడి హద్దు దాటితే యంత్రం తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. కొన్ని సర్వర్లయితే ఫ్యాను లేదని గుర్తించి అసలు మొదలే కావు.

అటువంటప్పుడు పైమూత తీసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి నడిపించేవారున్నారు. ఇది మేలుకన్న కీడే చేస్తుంది. సర్వరులో గాలి ముందునుంచి వచ్చి, వేడెక్కే భాగాల మీదుగా పోయి, వెనకనుంచి వెళ్లేలా దారి కట్టి ఉంటుంది. మూత తీస్తే గట్టు తెగిన కాలువలా గాలి పక్కకు పోతుంది. చేరవలసిన చోటికి చేరదు.

బేరింగు నంబరు చెబితే చాలు, ఫ్యానుకు మాత్రం కాదు

రైతు మోటారు బేరింగు పోతే ఏం చేస్తాడు? మండల కేంద్రానికి పోయి "6204 కావాలి" అంటాడు. ఆ నంబరు బేరింగు ఏ కంపెనీ చేసినా లోపలి రంధ్రం 20, బయటి వ్యాసం 47, మందం 14 మిల్లీమీటర్లు. మోటారు ఏ కంపెనీదని కొట్టువాడు అడగడు. కంపెనీ మూతపడినా ఆ మోటారుకు బేరింగు దొరుకుతూనే ఉంటుంది. పల్లెల్లో పాతికేళ్ల మోటార్లు ఇంకా నీళ్లు తోడుతున్నాయంటే ఆ నంబరు చలవే.

సర్వరు ఫ్యాను కూడా నిజానికి అంతే సులువు కావలసినది. చట్రం కొలతలు ఏనాడో స్థిరపడ్డాయి: 40, 60, 80, 92, 120 మిల్లీమీటర్లు. కరెంటు సాధారణంగా 12 వోల్టులు. వైర్లు నాలుగు. ఒకటి ఎర్త్ వంటిది, రెండోది 12 వోల్టులది, మూడోది ఫ్యాను ఎంత వేగంగా తిరుగుతున్నదో సర్వరుకు చెప్పేది, నాలుగోది వేగం పెంచు, తగ్గించు అని సర్వరు ఫ్యానుకు చెప్పేది. చాలా ఫ్యాన్లు ఒక్కో చుట్టుకు రెండు సంకేతాలు పంపుతాయి.

చిక్కంతా ప్లగ్గు దగ్గర ఉన్నది. డెల్, హెచ్‌పీ వంటి పెద్ద కంపెనీల సర్వర్లలో చాలావాటికి ప్లగ్గు ఆకారం వేరు, వైర్ల వరుస వేరు, ఫ్యానును పట్టుకునే ప్లాస్టిక్ తొడుగు వేరు. లోపలి ఫ్యాను మాత్రం డెల్టా, శాన్యో డెంకి, నిడెక్ వంటి ఫ్యాన్ల తయారీదారులు చేసినదే. దాని మీద సర్వరు కంపెనీ తన సొంత నంబరు వేసి అమ్ముతుంది. మోడలు పాతబడి కొన్నేళ్లు గడిస్తే ఆ నంబరును జాబితానుంచి తీసేస్తుంది. అప్పుడు చిన్న ఊరి కళాశాల గుమాస్తా ఆ నంబరు పట్టుకుని సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోనో, చెన్నై రిచీ వీధిలోనో కొట్టుకొట్టూ తిరగవలసిందే. దొరికినా అది మరో పాత సర్వరునుంచి ఊడదీసినది కావచ్చు. పైన తుడిచి కొత్తదని అమ్మినా, లోపల అరిగిన గంటలు కంటికి కనిపించవు.

సరైనదాన్ని ఎంచుకునే తీరు

వెతికే పద్ధతి తెలిస్తే చాలా సందర్భాల్లో దారి ఉన్నది. సర్వరు కంపెనీ నంబరును వదిలి, పాత ఫ్యానును బయటకు తీసి దాని నడుమ అంటించిన చీటీ చదవాలి. అసలు తయారీదారు పేరు, ఆ ఫ్యాను మోడలు నంబరు, వోల్టులు, ఆంపియర్లు అక్కడే ఉంటాయి. చాలాసార్లు అదే ఫ్యాను విడిగా, మామూలు వైర్లతో దొరుకుతుంది. పాత ప్లగ్గును వైర్లతో సహా కోసి కొత్తదానికి అతికితే సరిపోతుంది. ఐతే వైర్ల రంగును నమ్మి అతకరాదు. ఒక కంపెనీ ఎరుపు మరో కంపెనీకి ఎరుపు కాదు. ఏది ఏ వైరో తయారీదారు కాగితంతో, మీటరుతో సరిచూసుకున్నాకే కలపాలి. వరుస తప్పితే ఫ్యానుతో పాటు సర్వరు బోర్డు కూడా కాలవచ్చు.

అదే మోడలు దొరకనప్పుడు కొలతలు చూడాలి. వెడల్పు ఒక్కటే చాలదు, మందం కూడా సరిపోవాలి. 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లలోనే 20, 28, 56 మందాలున్నాయి. 56 మందం గలది వెనకా ముందూ రెండు రెక్కల చక్రాలు ఎదురెదురుగా తిరిగేది. ఇంటి కంప్యూటరుకు వాడే నిశ్శబ్దపు ఫ్యాను పెడితే రొద తగ్గుతుందని ఆశపడేవారున్నారు. దానికి గాలిని ఇరుకు దారుల్లోకి తోసే బలం ఉండదు. వేగం తక్కువని సర్వరు హెచ్చరిక మోగిస్తుంది, లేదా ఆరిపోతుంది. పాతదానికన్న ఎక్కువ ఆంపియర్లు లాగే ఫ్యానూ పనికిరాదు. బోర్డు దాన్ని మోయలేదు. గాలి వీచే దిక్కును సూచించే బాణం గుర్తు చట్రం మీద ఉంటే దాన్నీ సరిచూడాలి. బుష్ ఫ్యాను కాక బాల్ బేరింగు ఫ్యాను అడగాలి.

చుక్క నూనె వేసి నడిపించడం బుష్ ఫ్యానుకు కొన్నాళ్లు ఊరట. మూతవేసిన బాల్ బేరింగుకు అది కూడా పనిచేయదు. ఇక సర్వరుకు కరెంటు ఇచ్చే పవర్ సప్లయి పెట్టెలో ఉన్న ఫ్యాను జోలికి తెలియనివారు పోకూడదు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా అందులో ప్రాణం తీయగల వోల్టేజి కాసేపు నిలిచి ఉంటుంది.

పాత యంత్రాన్ని ఎందుకు పట్టుకు వేలాడాలి?

ఈ ప్రశ్న అడిగేవారి మాటలోనూ న్యాయం ఉన్నది. పాత సర్వరు చేసే పనికి కరెంటు ఎక్కువ తింటుంది. దొంగల బారినుంచి కాపాడే కొత్త సవరణలు కంపెనీ పంపడం మానేస్తుంది. పదిహేనేళ్ల యంత్రంలో ప్రజల ఆధార్, ఆస్తి వివరాలు ఉంచడం మంచిది కాదు. ముసలి ఎద్దుకు కొత్త నాడాలు కొట్టించమని ఎవరూ అనరు.

కాని ఆ నిర్ణయం లెక్క వేసుకుని తీసుకోవాలి. ఫ్యాను దొరకలేదని తీసుకోకూడదు. ఆరేడేళ్ల సర్వరుకు ఇంకా కొన్నేళ్ల సత్తువ ఉంటుంది. అది ఒక్కసారిగా ఆగితే నష్టం యంత్రంతో పోదు. ఫీజు కట్టిన విద్యార్థికి రసీదు రాదు. అప్పు తీర్చిన రైతుకు బాకీ లేదనే కాగితం అందదు. కొత్త యంత్రానికి నిధులు మంజూరై, టెండరు పిలిచి, తెచ్చేదాకా వారాలు, నెలలు జనం తిరగవలసిందే. ఆ తిరుగుడుకు అయ్యే బస్సు చార్జీలు, పోగొట్టుకునే కూలి ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడవు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషను కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చిననాటినుంచి పల్లెవాసి కాగితం యంత్రం కడుపులోనే ఉన్నది. యంత్రం బాగోగులు వాని బాగోగులు అయ్యాయి.

చేయవలసిన పనులు

పెద్ద ఖర్చు లేకుండానే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. సర్వరు కొనేనాడే టెండరులో ఒక జత ఫ్యాన్లు అదనంగా ఇవ్వాలని రాయాలి. ఆనాడు అవి సులువుగా దొరుకుతాయి, ఏడేళ్ల తర్వాత దొరకవు. విత్తనాల గింజలు దాచుకోవడం రైతుకు తెలిసినదే, కార్యాలయాలకూ తెలియాలి. నాలుగేళ్లు నిండిన ఫ్యాన్లను ఆగేదాకా చూడకుండా, సెలవు రోజున అన్నీ ఒకేసారి మార్చి, బాగున్న పాతవాటిని అత్యవసరానికి దాచాలి. నెలకోసారి దుమ్ము దులపాలి.

పనికిరావని తీర్మానించిన సర్వర్లను వేలంలో బరువు లెక్కన అమ్మడానికి ముందు, డిస్కులను తీసి అందులోని సమాచారం చెరిపి, ఫ్యాన్లు, పవర్ సప్లయిలు వంటి మంచి భాగాలను జిల్లా కేంద్రంలో ఒకచోట భద్రపరచాలి. ఒక కార్యాలయంలో చెత్త మరో కార్యాలయానికి మందు కావచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు కూడా యంత్రాలను బాగుచేసి ఆయువు పెంచే పనికి గుర్తింపు ఇచ్చాయి. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ విద్యార్థులకు ఈ పని నేర్పితే మండల కేంద్రంలో మోటారు వైండింగు షాపు పక్కనే మరో జీవనోపాధి వెలుస్తుంది.

చివరి మాట కంపెనీలకు, కేంద్రానికి. మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టలు ప్రారంభమైంది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలను మొదట ఎంచుకున్నారు. ఆ నాలుగింటిలో సర్వరు లేదు. ఐరోపాలో 2020 మార్చి నుంచి సర్వర్లకు ప్రత్యేక నిబంధనలు అమలులో ఉన్నాయి. డిస్కు, మెమరీ, పవర్ సప్లయి వంటి భాగాలను విడదీసి మార్చుకునేందుకు అడ్డం లేకుండా యంత్రాన్ని తయారుచేయాలని అవి చెబుతున్నాయి. ఇక్కడా అటువంటిది రావాలి. కనీసం ఫ్యాను అసలు మోడలు నంబరు, వైర్ల వరుస యంత్రం మూత లోపల అచ్చువేయమని కంపెనీలను ఆదేశించినా చాలు.

ఆ ఒక్క చీటీకి కంపెనీకయ్యే ఖర్చు పైసల్లోనే. అది లేకపోతే పడే అవస్థ కౌంటరు ముందు క్యూలో నిలబడ్డ మనిషిది. అధికారులు ఇకనైనా తమ మూలగదుల తలుపులు తీసి, ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయో, ఎన్ని కీచుమంటున్నాయో లెక్క చూడటం మంచిది. వేసవి రాకముందే చూస్తే మరీ మంచిది.